రెండు వాల్వులూ ఒకే వైపు లాగిన రోజు

పుట్టి తిరగబడడం నేను కళ్లారా చూశాను, ఇది నిశ్చయం. అప్పటికి ఒడ్డున మైకుసెట్టు పలకడం లేదు, ఇదీ నిశ్చయమే. ఆ బుట్టపడవలో పదకొండుమంది ఉన్నారన్నది ఒక వినికిడి, ఏడుగురే అన్నది మరొకటి. ఈదుకుంటూ బయటపడ్డవాళ్లు నలుగురు. వాళ్లను నేను లెక్కపెట్టాను. మైకు మెకానిక్కుకు అవతలి ఒడ్డు ముఠాలతో ఉత్తరాలు నడుస్తున్నాయన్నది పూర్తిగా వినికిడి. ఆ ఉత్తరం చూశానన్న మనిషి నాకు ఒక్కడూ తారసపడలేదు. అయినా ఆ పూట అతని ప్రాణం ఆ మాట మీదనే వేలాడింది.

అది 1948 వానాకాలం. నైజాంలో ముఠాల అల్లర్లకు జడిసి జనం కృష్ణ దాటి పల్నాడుకు వస్తున్నారు. వారికోసం మాచర్లకు కొన్ని మైళ్ల దూరంలో, ఒక రేవు దగ్గర శిబిరం వెలిసింది. వరద పెరిగాక ఆ రేవు ముందర రాళ్ల మధ్య సుడి లేచింది. దిగువన అరమైలు దూరంలో నీళ్లు నిదానంగా ఉండేవి. నడి ఏటిలో ఉన్న పుట్టివాళ్లకు ‘దిగువకు పొండి’ అని కేకవేయడానికి శిబిరం నడిపే పెద్ద, మాచర్ల నుంచి మైకుసెట్టు తెప్పించాడు.

సెట్టు ఒక ముస్లిం మెకానిక్కుది. పెళ్లిళ్లకూ సభలకూ అద్దెకిచ్చేవాడు. అంతకు వారం ముందు అందులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ తీగ చెమ్మకు తెగింది. మద్రాసు నుంచి కొత్తది రావాలంటే నెల పట్టేది. తానే చుడతానని, పటం గీసివ్వమని, హైస్కూల్లో సైన్సు చెప్పే నా దగ్గరకు వచ్చాడు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ చేసే పని చిన్నదే. మైకు నుంచి వచ్చిన సంకేతాన్ని రెండుగా చీల్చి, ధ్వనిని పెంచే రెండు పెద్ద గాజు వాల్వులకు ఎదురెదురుగా అందిస్తుంది: ఒకదానికి ఎక్కుతున్న క్షణంలో రెండోదానికి దిగాలి. నేను రంపంకోతతో పోల్చి చెప్పాను. దుంగకు ఇటొకరు అటొకరు నిలబడి, ఒకరు లాగినప్పుడు మరొకరు వదులుతారు. ఇద్దరూ ఒకేసారి తమ వైపుకు లాగితే రంపం కదలదు.

“అంతేగా సారూ, ఒకడు గుంజితే ఒకడు ఇడవాల,” అన్నాడు నవ్వుతూ.

పటంలో రెండు చుట్టలు గీసి, కలిసే చోట ‘మధ్య’ అని రాశాను. ఏ చుట్ట మొదలు ఎక్కడో గుర్తు పెట్టలేదు. అతడు రెండింటినీ పక్కపక్కనే, ఒకే దిశలో, ముచ్చటగా చుట్టాడు. మొదటిదాని చివరను రెండోదాని మొదలుతో కలపవలసింది. రెండూ సమానంగా ఒకే చోట బయలుదేరాలన్న ఆలోచనతో రెండు మొదళ్లనూ కలిపాడు. నేను మీటరు పెట్టి చూశాను. రెండు సగాల నిరోధమూ సమానంగా వచ్చింది. ‘బాగుంది’ అన్నాను. మీటరు చెప్పింది నిజమే. చుట్ట దిశ సంగతి నేను దాన్ని అడగలేదు, అడిగినా అది చెప్పేది కాదు.

పలికించి చూద్దామంటే బ్యాటరీ లేదు. ఛార్జింగుకు నరసరావుపేట పంపాం. అది వచ్చిన పొద్దున్నే, రైలు దగ్గర నుంచి నేరుగా, సెట్టుతో మెకానిక్కుతో పాటు బండిలో రేవుకు వెళ్లింది. స్కూలుకు సెలవు కావడంతో నేనూ వెంట వెళ్లాను.

రేవులో మబ్బు కమ్మి ఉంది. ఏటి రంగు ఇటుకపొడిలా ఉంది. స్విచ్చి వేయగానే వాల్వులు రెండూ ఎర్రగా వెలిగాయి, శిబిరం పెద్ద మైకు అందుకుని అరిచాడు. హారన్లోంచి సన్నని రొద తప్ప ఏమీ రాలేదు.

“ఏంది సాయిబూ, దోమను గాని కట్టేశావా అందులో?” అన్నారెవరో. జనం నవ్వారు.

మెకానిక్కు వంగి తీగలు తడుముతున్నాడు. అంతలో నడి ఏటిలో పుట్టి కనబడింది. శిబిరం పెద్ద మైకు పారేసి గొంతు చించుకున్నాడు. పుట్టి సుడి అంచున రెండుసార్లు తిరిగి, ఒక పక్కకు ఒరిగింది. తర్వాత నీళ్లే కనిపించాయి.

ఆపైన ఎవరూ నవ్వలేదు. ఉత్తరాల మాట ఎవరి నోట మొదలైందో చెప్పలేను. నా చెవికి వచ్చేసరికి అది అందరికీ తెలిసిన విషయమైపోయింది.

“పెళ్లిళ్లలో పలికిన మైకు ఇయ్యాలే ఎందుకు చచ్చిందిరా?”

“ఈడే ఆపాడు. కాళ్లూచేతులు కట్టి ఏట్లో పారేయండి!”

నలుగురు అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. “సారూ, మీరన్నా చెప్పండి,” అన్నాడతను.

వాల్వులు రెండూ వెలుగుతూ ధ్వని రాకపోవడం చూసి అనుమానం అప్పటికే నాకు తగిలింది. స్విచ్చి తీసి, తుండుగుడ్డతో పట్టి ఒక వాల్వు ఊడబెరికాను. మళ్లీ స్విచ్చి వేసి మైకులో “ఒకటి, రెండు” అన్నాను. హారన్ గరగరలాడుతూనే గట్టిగా పలికింది. రెండున్నప్పుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటున్నాయని, చుట్టలో కలిపిన కొసలు తారుమారయ్యాయని వివరించాను.

“చూశారా! తీస్తే పలికింది. నోరు మూయించడానికే రెండోది పెట్టాడు!” అన్నాడొకడు.

లోపం ఎక్కడో ప్రయోగం తేల్చింది. ఆ లోపం వెనక మనిషి ఉద్దేశం ఏమిటో తేల్చడం దాని వల్ల కాదు. నా దగ్గర మిగిలింది ఒకే మాట.

“పటం గీసింది నేను. గుర్తులు పెట్టనిది నేను. కొలిచి బాగుందన్నదీ నేనే. ఏట్లో వేసేట్టయితే ముందు నన్ను వేయండి.”

శిబిరం పెద్ద నన్ను ఎగాదిగా చూశాడు. “మాస్టారు అబద్ధమాడరు. వదలండి,” అన్నాడు. వదిలారు. వాళ్లు నమ్మింది నా ప్రయోగాన్ని కాదు, నా ఉద్యోగాన్ని. అదే మాట అతను చెప్పి ఉంటే వినేవారు కారు.

అతడు కొసలు మార్చి కలిపి, తీసిన వాల్వు మళ్లీ బిగించాడు. సెట్టు గంటలా పలికింది. ఆ మధ్యాహ్నం వచ్చిన పుట్లు మూడూ దిగువకు మళ్లాయి. తిరుగు ప్రయాణంలో బండిలో అతను అడిగాడు: “రేపు ఇంకోటి చెడిపోద్ది సారూ. అయ్యాల మీరు పక్కన ఉంటారా?”

ఆపైన అతను పది రోజుల్లో దుకాణం మూసి, ఇంటిల్లిపాదితో, సెట్టుతో సహా వెళ్లిపోయాడు. ఎక్కడికో తెలియదు.

నాకు ఇప్పటికీ తేలనిది ఒకటుంది. ఆ పొద్దున సెట్టు సరిగ్గా పలికే ఉంటే, ఆ కేక నడి ఏటికి వినిపించేదా? వినిపించేదనే అందరూ అనుకున్నారు, అతణ్ని పట్టుకున్నవాళ్లూ, విడిపించిన నేనూ. వరద హోరు పెద్దది, గాలి ఏటి మీద నుంచి మా వైపుకు వీస్తోంది. మధ్యాహ్నం పుట్లు మళ్లాయి నిజమే, కాని అప్పుడు శిబిరం వాలంటీర్లు ఒడ్డంతా నిలబడి తెల్లగుడ్డలు కూడా ఊపారు. పుట్టివాళ్లు మళ్లింది చెవితోనో కంటితోనో విడదీయలేం. తేల్చాలంటే అదే వరదలో, గుడ్డలు ఊపకుండా, ఒక మనిషిని నడి ఏట్లో నిలపాలి. వారానికి వరద తీసింది, సెట్టు ఊరు దాటింది. అవి రెండూ ఉన్న రోజుల్లోనైనా, ఆ నీటిలో నిలబడమని ఎవరినీ అడిగే హక్కు నాకు లేదు.