లాభం, రెండు, మూడు

ముందు ఈ మాట రాయి. మీ అమ్మకు లెక్క నేర్పింది వాళ్ళ మేనత్త కాదు, నేను.

మొన్న గృహప్రవేశంలో నా ఆడబిడ్డ కుర్చీలో కూర్చుని అందరికీ చెప్పుకుంది చూశావా? "దీనికి లెక్కలొచ్చింది నా చేతుల్లోనే. వాళ్ళమ్మ దాన్ని దుమ్ములో కూర్చోబెట్టి ఆడిస్తుంటే నేనే కదా పలక పట్టించింది" అని. నా చేతిలో పులిహోర విస్తరి ఉంది కాబట్టి సరిపోయింది. పరాయివాళ్ళ ఇంట్లో శుభమా అని పూజ చేసుకుంటుంటే గొడవెందుకని నోరు మూసుకున్నాను. నా ఇంట్లో ఎందుకు మూసుకుంటాను?

పెద్దావిడ, పోనీలే అంటావా? పెద్దావిడైతే అబద్ధాలు కూడా పెద్దవే ఆడాలా? రాయి.

ఎనభైల మొదట్లో మాట ఇది. గురజాల వైపు పల్లెలో ఉండేవాళ్ళం. మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయింది. ఇంట్లో మా మావగారు, మీ తాత, నేను, మీ అమ్మ. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు కానీ, ఆ అదృష్టం నాకు పట్టలేదు. అత్తగారి తాళాలగుత్తి నా బొడ్లోకి రాకుండా నరసరావుపేటలో కాపురముండే ఆడబిడ్డ బొడ్లోకి పోయింది. మీ తాతకు అక్క అవుతుంది కాబట్టి నాకు వదిన. వచ్చిందంటే చెప్పులు విప్పకముందే ఉప్పుజాడీ మూత తీసి చూసేది. కూతురి మాటంటే మావగారికి వేదం. నాన్న మాటంటే మీ తాతకు వేదం. నా మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాదు, ఒక్క మీ అమ్మకు తప్ప.

మీ అమ్మకు అప్పుడు మూడేళ్ళు నిండాయి. ఎత్తుకునే దిక్కు లేదు. నేను ఎక్కడ పని చేస్తే అక్కడే పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. మిరపకాయలు ఏరే రోజు మాత్రం కళ్ళు నలుపుకుంటుందని దూరంగా ఉంచేదాన్ని. మా వాకిలంతా నాపరాళ్ళే కదా, అదే దాని పలక. సున్నపురాయి ముక్కతో గీతలు గీసుకుంటూ, నేను తెల్లబడ్డ తాలుకాయ పక్కన పడేసినప్పుడల్లా అక్కడి నుంచే "తాలు!" అని అరిచేది. ఎర్రకాయ వేస్తే ఊరుకునేది. కొన్నాళ్ళకు నాకంటే ముందే అరవడం మొదలుపెట్టింది. కావాలని నేను తాలుకాయను ఎర్రకాయల్లో వేస్తే పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని, "దొంగ!" అనేది. దొంగ అనిపించుకోవడానికి రోజుకు ఎన్నిసార్లు వేసేదాన్నో!

ఇక దానికి ప్రాణం కొలతపాత్రలు. గిద్ద, సోల, తవ్వ, మానిక. ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటే అన్నీ మానికలో ఇమిడిపోయేవి. చేటెడు జొన్నలు ముందు పోస్తే చాలు, నేను వంట ముగించేదాకా లేచేది కాదు. ఒకరోజు పొడుగ్గా ఉండే ఇత్తడి చెంబు తెచ్చుకుని, ఇది మానిక కంటే పెద్దదని పేచీ పెట్టింది. కాదంటే ఏడుపు. "సరే, పోసి చూడు" అన్నాను. మానిక నిండా జొన్నలు తీసి చెంబులో పోసింది. చెంబు నిండిపోయి జొన్నలు నేల మీద పడ్డాయి. మళ్ళీ పోసింది. మళ్ళీ పడ్డాయి. చెంబును అటూ ఇటూ తిప్పి చూసింది, లోపల ఎవరన్నా కూర్చున్నారేమోనని చెయ్యి పెట్టి చూసింది. చివరికి దానికి కోపమొచ్చి చెంబును రెండు దెబ్బలేసింది. "పొడుగుంది గానీ పొట్ట లేదే అమ్మడూ దీనికి" అన్నాను. అప్పటి నుంచి సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి వాకిట్లోకొస్తే, "పొట్ట లేదు" అని వాళ్ళ ముఖం మీదే చెప్పేది. నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. నేను మాత్రం ముసలిదాన్నా అప్పటికి? దానికి ఆట ఎంత ముచ్చటో నాకూ అంతే.

కొలుస్తూ లెక్క చెప్పడం కూడా అట్లాగే వచ్చింది. లాభం, రెండు, మూడు, నాలుగు. నీకు నవ్వొస్తోంది కానీ, గింజ కొలిచే ఇళ్ళలో మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు. ఒకటి అంటే అక్కడితో ఆగిపోతుందని, లాభమంటే పెరుగుతుందని. మావగారు కల్లంలో కుంచం పట్టినా, నేను కూలివాళ్ళకు జొన్నలు కొలిచినా అంతే. మీ అమ్మ అది చూసింది, అదే అంది. పది దాకా తడుముకోకుండా చెప్పేది, ఒక్కో పేరుకు ఒక్కో గిద్ద పోస్తూ. చేత్తో పోయకుండా నోటితో మాత్రం చెప్పేది కాదు. దానికి లెక్కంటే చేతిలో బరువు.

అదిగో, ఆ సంబరంలో ఉండగా కోటప్పకొండ తిరునాళ్ళ వెళ్ళాక నా ఆడబిడ్డ దిగింది. వెంట వాళ్ళబ్బాయి, మీ అమ్మ కంటే కాస్త పెద్ద. మెళ్ళో టై కట్టి తెచ్చింది, మా ఊరి ఎండలో. మేమిద్దరం నేల మీద బాసింపట్టు వేసుకుని, జొన్నలు చుట్టూ పోసుకుని ఉన్నాం.

"ఏందే ఇది? పట్టపగలు తల్లీకూతుళ్ళు కచ్చకాయలాడతన్నారా? పొయ్యి మీద ఏమైందో చూసుకున్నావా?"

"దించేశాను వదినా. కూర్చోండి, మజ్జిగ తెస్తాను."

"నీ మజ్జిగ తర్వాతగానీ, దీనికేం నేర్పావో చూడనీ. ఏమే కోడలా, ఒకట్లు చెప్పు."

ఒకట్లు అనే మాటే మీ అమ్మ వినలేదు. నా ముఖం చూసింది.

"గిద్ద చేతికిస్తే చెబుతుంది వదినా."

"ఎందుకే గిద్ద? ఇదేమన్నా సెట్టిగారి కొట్టా?"

నేను ఇచ్చాను. మీ అమ్మ బుద్ధిగా గిద్ద నిండా ముంచి, పైన వేలితో చదును చేసి, మానికలో పోస్తూ "లాభం!" అంది.

ఆవిడ నవ్వింది చూడూ, మాచర్ల రైల్లో ఉన్నవాళ్ళకు వినపడి ఉంటుంది. "నాయనా, ఇట్టా రా! నీ మనవరాలికి ఒకటి అంటే తెలీదంట. లాభం అంటంది, బేరానికి కూర్చున్నట్టు. చూడు మావాణ్ణి. ఒరేయ్, చెప్పరా తాతకి."

ఆ పిల్లాడు చేతులు కట్టుకుని ఇంగ్లీషులో వన్ టూ త్రీ మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా ఎక్కడిదాకానో పోయాడు. మీ అమ్మ వాడి చేతులకేసి చూసింది. చేతుల్లో ఏమీ లేకుండా ఏం కొలుస్తున్నాడో దానికి అర్థం కాలేదు.

"విన్నావా నాయనా? రేపు నా ఇంటికి కోడలయ్యే పిల్ల ఇది. ఇట్టా దుమ్ములో పొర్లుతా పెరిగితే నేనేం చేసుకునేది దీన్ని? ఈసారి నాతో తీసుకుపోతా. పేటలో కాన్వెంటులో ఏస్తా. దీని దగ్గర ఉంటే దీనికిమల్లే అవుద్ది."

ఆ ఆఖరి రెండు 'దీని'లూ నేనే.

మావగారు భుజం మీది తువ్వాలు దులుపుకుని, "సరే, జొన్నల కొలత అయినాక తీసుకుపో" అన్నాడు. పిల్లనో, బస్తానో! నన్ను అడగలేదు. మీ తాతను కూడా అడగలేదు.

మీ తాతను గొడ్లచావిట్లో పట్టుకున్నాను. "మూడేళ్ళ పిల్లను పంపిస్తావా ఏందయ్యా?"

"చూద్దాంలే."

"ఏం చూస్తావు? బస్సెక్కినాక చెయ్యూపుతా చూస్తావా?"

ఆయన ఎద్దుకు గడ్డి వేశాడు. ఎద్దు తింది.

మర్నాటి నుంచి కొలతపాత్రలన్నీ అటకెక్కాయి. వదిన పలక తీసింది, కందిపుల్ల తీసింది, బెల్లం డబ్బా తీసింది. "ఒకటి" అంటే బెల్లం ముక్క. "లాభం" అంటే వేళ్ళ మీద పుల్ల. మీ అమ్మ మొదట వదల్లేదు. పుల్ల పడుతున్నా లాభమే అంది. నేను పోయి పుల్ల పట్టుకున్నాను.

"నా బిడ్డ మీద చెయ్యేస్తే ఊరుకోను వదినా."

"ఏం చేస్తావే? పుట్టింటికి పోతావా? పో. బస్సు ఇటొచ్చేది అటు కూడా పోద్ది."

"తప్పు చెబితే కొట్టండి. మీ ఇంట్లో, మీ నాయన చెప్పే లెక్కే కదా అది చెబుతోంది?"

"నాయన రైతు. ఇది కాన్వెంటుకి పోయే పిల్ల. నీకు ఆ తేడా తెలిస్తే ఇంకేం!"

వీధిలో నీళ్ళబిందెల దగ్గర కూడా ఇదే ముచ్చట. పక్కింటి పిన్ని ఒకామె, "పేటలో చదివితే మంచిదేగా అమ్మాయ్, నీకెందుకంత కడుపుమంట?" అంది. "నీ మనవరాల్ని పంపు పిన్నీ, ఖాళీ ఉందంట" అన్నాను. ఆవిడ మళ్ళీ నాతో మాట్లాడింది మిరపకాయలన్నీ అమ్ముడుపోయాకే.

బెల్లం గెలిచింది. మూడేళ్ళ పిల్ల, ఎన్నాళ్ళని నిలబడుతుంది? "ఒకటి" అని గట్టిగా అరవడం, నోరు తెరిచి మేనత్త వైపు తిరగడం. పొద్దస్తమానం అదే. రెండు మూడు సంగతి ఎవరికీ పట్టలేదు, ఒకటి వస్తే చాలన్నట్టు ఉంది వదినకు. పిల్ల నా దగ్గరికి రావడం తగ్గించింది. నేను మిరపకాయలు ఏరుతుంటే దూరంగా కూర్చునేది కానీ, తాలుకాయ ఎర్రకాయల్లో వేసినా చూసి ఊరుకునేది. దొంగ అనలేదు. నేను మళ్ళీ వేశాను. ఊహూఁ. అప్పుడు మండింది నాకు, మిరపకాయ కంట్లో పడ్డట్టు.

పిల్ల బట్టలు సర్దమని వదిన ఒక ట్రంకుపెట్టె నా ముందు పెట్టింది. నేను సర్దలేదు. ఆవిడే సర్దింది.

జొన్నల కొలత రోజొచ్చింది. కల్లంలో రాశి పోసి చుట్టూ బూడిదతో గీత గీశారు. చెప్పులు బయటే విప్పాలి. మొదటి కుంచం పడేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, దగ్గు కూడా ఆపుకునేవాళ్ళు. మాట ఒక్క కొలిచేవాడిదే. వదిన మీ అమ్మను ఒళ్ళో పెట్టుకుని గీతకు ఇవతల పీట వేసుకుని కూర్చుంది. కొలత అయిపోగానే మధ్యాహ్నం బస్సుకు బయల్దేరాలని దానికి తలదువ్వి, రిబ్బను కట్టి, టై పిల్లాడి పక్కన జతగా సిద్ధం చేసి పెట్టింది. నేను వెనకాల కూలివాళ్ళతో నిలబడ్డాను. మీ తాత గోనెసంచి మూతి పట్టుకున్నాడు.

మావగారు తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టి, కుంచం రాశిలో ముంచి, చేత్తో రాశి కట్టి పైకెత్తాడు. ఆయన నోరు తెరిచాడు.

"ఒకటి!"

ఎంత గట్టిగా అరిచిందనుకున్నావ్ మీ అమ్మ! అరిచి, నోరు తెరిచి మేనత్త వైపు తిరిగింది, బెల్లం కోసం.

మావగారి చెయ్యి అట్లాగే ఆగిపోయింది. కుంచం మళ్ళీ రాశిలోనే బోర్లించాడు. కూలివాళ్ళలో ఒకడు "అయ్యో" అన్నాడు. ఇంకొకడు వాడి డొక్కలో పొడిచాడు.

"ఎవరే నీకిది నేర్పింది?" అన్నాడాయన.

మీ అమ్మకు భయం తెలియలేదు. మెచ్చుకుంటున్నాడనుకుంది పాపం. "అత్త" అని చూపించింది. "బెల్లం ఇత్తది."

"చిన్నపిల్ల నాయనా," అంది వదిన, పీట మీంచి లేస్తూ. "లెక్క ఒకటితోనే కదా మొదలు? ఎవరినన్నా అడుగు."

"నీ ఇంట్లో మొదలెట్టుకో ఒకటి నుంచి! ఏడాది పంట నోట్లోకొచ్చే వేళకి నా కల్లంలో కూర్చుని ఒకటంట! ఇదా నువ్వు నేర్పే చదువు? ఇంకా నీ దగ్గరే పెరిగితే నా గడపలో ఏమేమంటదో!"

వదిన ముఖం నాపరాయి రంగుకొచ్చింది. ఏదో అనబోయింది. ఆయన అప్పటికే వీపు తిప్పి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తెమ్మన్నాడు. మొత్తం మళ్ళీ మొదటి నుంచి చేశారు, కాళ్ళు కడగడం, దణ్ణం, అన్నీ. ఆ మధ్యాహ్నం బస్సుకు వదిన, టై కట్టిన పిల్లాడు మాత్రమే వెళ్ళారు. ట్రంకుపెట్టెలోంచి మీ అమ్మ గౌన్లు తీసి మంచం మీద విసిరికొట్టి మరీ వెళ్ళింది. నేను ఒక్కొక్కటే దులిపి మడతపెట్టుకున్నాను. ఆ మడతలంత బాగా నా పెళ్ళి చీరలు కూడా పెట్టుకోలేదు.

మావగారు నన్ను మెచ్చుకున్నాడనుకుంటున్నావా? నువ్వు నేర్పిందే సరైందమ్మా అన్నాడనుకుంటున్నావా? చేయి కడుక్కుంటూ గోడకు చెప్పినట్టు చెప్పాడు: "నీ బిడ్డను నువ్వే ఉంచుకో. నువ్వు గానీ అది గానీ ఇంకెప్పుడూ కల్లంలో అడుగు పెట్టమాకండి."

అంతే. బిడ్డ మిగిలింది, కల్లం పోయింది. నేను ఎంత గింజ తూర్పారబట్టిన కల్లమది! ఆయన బతికున్నంత కాలం మమ్మల్ని రానివ్వలేదు. పోయినరోజు నాకు ఏడుపు రాలేదు, అది కూడా రాయి.

ఆ సాయంత్రం నిచ్చెన వేసుకుని అటక మీంచి గిద్ద, సోల, తవ్వ, మానిక దించాను. వాకిట్లో జొన్నలు పోశాను. "రా అమ్మడూ" అన్నాను. చాలాసేపు రాలేదు. వచ్చింది. గిద్ద ముంచింది. పైన వేలితో చదును చేసింది. నా ముఖం చూసింది. నేను లాభం అనమని అనలేదు, ఒకటి అనమనీ అనలేదు. ఏదన్నా అంటుందేమోనని దాని నోటికేసి చూస్తూ కూర్చున్నాను.

పెదాలు రెండూ గట్టిగా బిగించి మానికలో పోసింది. ఇంకో గిద్ద ముంచి, మెల్లిగా "రెండు" అంది.

రేపు పొద్దున మీ అమ్మ కుక్కర్లో బియ్యం పోసేటప్పుడు పక్కన నిలబడి చూడు. ఇన్నేళ్ళయింది, ఉద్యోగం చేసింది, నిన్ను కంది. మొదటి గ్లాసు పోసేటప్పుడు నోరు విప్పదు. లెక్క రెండు నుంచే. రెండు, మూడు, నాలుగు నేను నేర్పినవి. ఆ మొదటి గ్లాసు దగ్గర నోరు మూసుకోవడం ఉంది చూశావా, అదొక్కటి వాళ్ళ మేనత్త నేర్పింది. అది కావాలంటే చెప్పుకోమను, ఎన్ని గృహప్రవేశాల్లోనైనా.