ఎనిమిది గీతలు

కడప కాలేజీలో అటెండరుగా చేరక ముందు, యుద్ధకాలంలో లేవి విమానాల దగ్గర పనిచేశాడు. రాత్రుళ్లు శత్రువుకు ఆనవాలు దొరక్కుండా మంట కనబడకుండా ఇంజను పొగగొట్టాలకు తొడుగులు బిగించేవాళ్లు. "మంటను దాచొచ్చు గానీ వేడిని దాచలేం. ఆ కిరణాలు కంటికి కనబడవు, పరికరం పసిగడుతుంది" అని అక్కడి ఆఫీసరు చెప్పిన మాట పదేళ్లయినా అతన్ని వదల్లేదు.

ఆ సంగతే చెబితే ఫిజిక్సు లెక్చరరు చెన్నకేశవులు నవ్వాడు. "చూపించు చూద్దాం. పరికరం సూది కదిలితే ల్యాబు మెకానిక్కు పోస్టుకు నీ పేరు నేనే రాస్తా" అన్నాడు. ఏళ్ల తరబడి గాజుసామాను కడుగుతున్న మనిషికి ఇంకేం కావాలి! కిరణాలను ఒకచోటికి చేర్చడానికి పాత లారీ హెడ్‌లైటు లోపలి అద్దం సంపాదించి, ల్యాబులో మూలపడ్డ పరికరాన్ని దానికి బిగించాడు. వేడి తగిలితే దాని సూది గీతల మీద జరుగుతుంది.

యాభైనాలుగు ఏప్రిల్లో ఎవరో పెద్దాయన విమానంలో కడపకొచ్చాడు. స్వాగతం చెప్పడానికి కాలేజీవాళ్లంతా విమానం దిగే మైదానానికి వెళ్లారు. అటెండరుకు ముందువరుసలో చోటెవరిస్తారు? హారతి పళ్లేల ఆడవాళ్ల వెనక నిలబడమన్నారు. పరికరానికి ఎండ తగలకుండా భార్య విశ్వాసమ్మ గొడుగు పట్టింది.

విమానం దిగి, దుమ్ము రేపుతూ పక్కకు తిరిగింది. మనుషుల సందులోంచి లేవి అద్దాన్ని ఇంజను పొగగొట్టం వైపు తిప్పాడు. సూది కదిలింది. ఎనిమిది గీతలు!

"సార్! ఇటు చూడండి సార్!"

ఆ మోతలో ఎవరికి వినబడుతుంది? చెన్నకేశవులు పూలదండ పట్టుకుని, నోరు తెరిచి విమానాన్నే చూస్తున్నాడు. లేవికి ఒళ్లు మండిపోయింది.

ఇంజన్లు ఆగాయి. ఆడవాళ్లు కర్పూరం వెలిగించారు. సూది చివరిదాకా దూకింది. సరిగ్గా అప్పుడు తిరిగి చూశాడు మహానుభావుడు చెన్నకేశవులు.

"ఏమప్పా లేవీ, హారతి వేడిని పట్టినావా?"

అందరూ నవ్వారు.

"కాదు సార్, ముందే కదిలింది. గొట్టం ఇంకా కాల్తానే ఉండాది. హారతి ఆరిపోనీండి, ఒక్క నిమిషం ఉండండి సార్!"

"పోస్టు సంగతి మళ్లీ చూద్దాంలే" అంటూ చెన్నకేశవులు జనంలో కలిసిపోయాడు.

కర్పూరం ఆరింది. సూది వెనక్కొచ్చి, చల్లారుతున్న గొట్టం వేడికి ఆరు దగ్గర నిలబడింది. నిజం కళ్లెదుటే ఉంది, చూసే దిక్కు లేదు. లేవి నేలమీద కూలబడ్డాడు.

విశ్వాసమ్మకు చదువు రాదు, లెక్క వచ్చు. గొడుగు దించకుండా వంగింది.

"ఐదుండాది" అంది. కాసేపాగి, "నాలుగు."

"ఎందుకు చెప్తాండావు? ఎవరికి కావాలంట?" కసిరాడు లేవి.

"నేను చూస్తాండా గదా" అందామె. "ఇప్పుడు మూడు."