నోరు విప్పని పిల్ల, నోరు మూయని పెద్దలు

మా అమ్మాయికి మూడున్నరేళ్లు వచ్చేనాటికి తన మాటలన్నీ ఒక పోస్టుకార్డు మీద రాయొచ్చు, చిరునామాకి చోటు వదిలి మరీ. ఆ ఉన్నవాటిలో కూడా క, గ లు పలికేవి కావు. కాకిని తాతి అనేది, గోడని దోడ అనేది. ఇండియాకి ఫోన్ చేస్తే అందరూ కంగారు పడొద్దన్నారు. ప్రతి తెలుగు కుటుంబంలోనూ అయిదేళ్లదాకా మాట్లాడని మేనమామ ఒకాయన ఉంటాడు. ఆయన తప్పనిసరిగా ప్లీడరవుతాడు.

దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్లూ కలిసి మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు నేను అక్కడొక చక్కెర మిల్లులో కెమిస్టుగా చేరాను. ఉమ్‌హ్లాలి అనే ఊళ్లో, చెరుకుతోటలకి ఆనుకుని, ఒక ముసలావిడ ఇంటి వెనక రెండు గదుల వాటాలో దిగాం. ఆవిడని ఊరంతా అవ్వ అనేది, మేమూ అన్నాం. ఆవిడ తాత విశాఖ దగ్గర ఏదో పల్లెనుంచి చెరుకు కొట్టడానికి ఓడెక్కాడు. నేను అదే చెరుకులో తీపెంతో కొలవడానికి విమానమెక్కాను. దీన్ని ప్రగతి అంటారు.

అవ్వ తెలుగులో సగం ఆ తాతది, మిగతా సగం దారిలో దొరికినవాళ్లందరిదీ.

"ఏం బావూ, గుంట మాటాడదా? షేమ్!" అంది చేరిన వారంలోనే. షేమ్ అంటే అక్కడ సిగ్గు కాదు, అయ్యో పాపం అని.

"లేటుగా వస్తాయిలే అవ్వా, మాటలు."

"లేటేమి లేటు, బస్సా? వస పోసినారా?"

పోశాం. పురిట్లోనే మా అత్తగారు పోసింది. అది పాత సరుకై ఉంటుందని అవ్వ తేల్చింది. డర్బన్ మసాలా దుకాణంనుంచి వసకొమ్ము తెప్పించి, సానమీద అరగదీసి, తేనెలో రంగరించి, పిల్ల నాలిక్కి రాసింది. ఆ ఘాటుకి పిల్ల "థూ" అంది.

"హాయిబో! చూసినావా, మాట వచ్చింది!" అంది అవ్వ. హాయిబో అంటే జులూ భాషలో ఔరా అని.

ఆ లెక్కన వైద్యం ఫలించింది. వారం రోజులపాటు అవ్వని చూసినప్పుడల్లా పిల్ల ఆ ఒక్క మాటే స్పష్టంగా మాట్లాడింది.

తర్వాత ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన పిల్ల నోట్లోకి టార్చి వేసి చూశాడు, మాటలు లోపలెక్కడో ఇరుక్కున్నట్టు. ఇంట్లో ఎన్ని భాషలని అడిగాడు. తెలుగు, ఇంగ్లీషు, ఇంకా అవ్వ భాష అన్నాను. "పిల్ల తికమక పడుతోంది. ఇవాళ్టినుంచి ఇంట్లో ఇంగ్లీష్ ఓన్లీ" అన్నాడు.

మేము చదువుకున్నవాళ్లం కనక డాక్టరు మాట జవదాటలేదు. ఆ సాయంత్రమే మా ఇల్లు వాచకంలో పాఠమైపోయింది. "ఆర్ యూ గోయింగ్ టు ద మిల్?" అనేది మా ఆవిడ. "యెస్, ఐ యామ్ గోయింగ్ టు ద మిల్" అనేవాణ్ని. ఇంగ్లీషులో దెబ్బలాడ్డం ఇద్దరికీ చేతకాదు కనక ఇల్లు ప్రశాంతంగా ఉండేది, రైల్వే వెయిటింగ్ రూములా. అవ్వ మాత్రం వాకిట్లో నిలబడి, "ఇది కొంపా, కచేరీనా?" అని అడిగి పోయేది.

ఈ ప్రశాంతతలో మా పిల్ల ఉన్న ఆ నాలుగు మాటలూ కూడా మానేసింది. తాతి లేదు, దోడ లేదు. కాకి కనిపిస్తే వేలు చూపించి, మా మొహాలకేసి చూసి, వేలు దించేసేది. దాని మీద నాకు ఇప్పటికీ హాస్యం రాదు.

మరో రెండేళ్లకి బడి. ప్రిన్సిపాలు ప్రతి పిల్లతోనూ స్వయంగా మాట్లాడి చూస్తాడనీ, జవాబు చెప్పలేనివాళ్లని ఎక్కడో హాస్టలున్న ప్రత్యేక పాఠశాలకి పంపమంటాడనీ మిల్లులో చెప్పారు. మంచినీళ్లు కావాలని అడగలేని పిల్లని హాస్టల్లో పెట్టడమనే మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఏ భాషలోనూ అనలేదు.

చివరికి మిల్లు నర్సు డర్బన్‌లో ఒక పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. మొన్నమొన్నటిదాకా అక్కడ రంగుకో గుమ్మం. ఇప్పుడు అందరికీ ఒకటే గుమ్మం. మాటల వైద్యురాలు కూడా అందరికీ ఒకత్తే. ప్రజాస్వామ్యం నాకు మొట్టమొదట క్యూ రూపంలోనే దర్శనమిచ్చింది. నెలల తరబడి ఎదురుచూశాక మా వంతు వచ్చింది. అవ్వ తనూ వస్తానంది. వద్దనే ధైర్యం మాకు లేకపోయింది.

వైద్యురాలు పాతికేళ్ల తెల్లమ్మాయి. ముందు చెవులు పరీక్ష చేయించింది, బాగానే ఉన్నాయి. తర్వాత నేలమీద కూర్చుని పిల్లి బొమ్మ చూపించి, "ఇదేమిటి?" అంది ఇంగ్లీషులో.

"పిల్లి. చెప్పమ్మా, పిల్లి" అన్నాను.

"దానికి తెలుసండీ. కొత్తచోటని సిగ్గు" అంది మా ఆవిడ.

"మా ఇంటికాడ గుడ్డి పిల్లి లేదా? అదే ఇది, సెప్పే!" అంది అవ్వ.

వైద్యురాలు ఆవు బొమ్మ తీసింది. నేను ఆవన్నాను. కుండ బొమ్మకి ముగ్గురం ఒకేసారి జవాబు చెప్పాం. మా అమ్మాయి మమ్మల్ని ఆసక్తిగా చూస్తూ కూర్చుంది, ఎవరు గెలుస్తారోనని.

వైద్యురాలు బొమ్మలు పక్కన పెట్టి, "మీ ముగ్గురి మాటలూ చాలా బాగున్నాయి. ఇక పాప మాటలు వింటాను" అని మమ్మల్ని గోడవారన కూర్చోబెట్టింది. కాసేపటికి నన్నడిగింది: "మీరూ మీ ఆవిడా ఏ భాషలో పోట్లాడుకుంటారు?"

"తెలుగులో. కానీ డాక్టరుగారు..."

"అయితే పిల్లతో ఆ భాషే మాట్లాడండి. ఇంటి భాష తీసేస్తే పిల్లకి ఉన్నది కూడా పోతుంది."

క, గ లకి నాలిక వెనక్కి లాగే ఆటలు నేర్పింది. అంతకన్నా కష్టమైన మందు మాకు రాసింది. పిల్ల అడిగేదాకా ఏదీ ఇవ్వకండి, పిల్లని అడిగిన ప్రశ్నకి మీరు జవాబు చెప్పకండి, ఊరికే కూర్చుని ఎదురుచూడండి, అంది.

"మందు లేదు, సూది లేదు. గమ్మునుండమని చెప్పనీకి ఈ లానీ పిల్లకి జీతమా?" అంది అవ్వ దారిపొడుగునా. లానీ అంటే అక్కడ దొరలూ దొరసానులూ.

ఊరికే ఎదురుచూడ్డం తెలుగువాళ్లు చేయగలిగిన పని కాదు. మనింట్లో పిల్లలకి ఆకలి వాళ్లకన్నా ముందు మనకి తెలుస్తుంది. "బువ్వ కావాలా అమ్మా? ఆఁ, కావాలిట" అని ప్రశ్న మనమే వేసి, జవాబు మనమే చెప్పి, ముద్ద మనమే నోట్లో పెడతాం. పిల్ల చేయాల్సిందల్లా నమలడం. దీన్ని ప్రేమ అంటాం. ప్రేమే, కాదనను.

మొదటిరోజు మా ఆవిడ పప్పన్నం కలిపిన గిన్నె ఎదురుగా పెట్టుకుని, "ఏం కావాలమ్మా?" అని తెలుగులో అడిగి ఊరుకుంది. పిల్ల గిన్నెకేసి చూసింది. మా ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను గోడమీది క్యాలెండరులో సెలవులు చదువుకున్నాను. గుమ్మంలో అవ్వ.

"పిల్ల ముంగట బువ్వ పెట్టి ఇయ్యకుండా సూస్తారా? మడుసులేనా? ఇటియ్యి, గుంటకి ఆకలే, అది..."

"అవ్వా, ఆదు" అంది మా అమ్మాయి చెయ్యెత్తి.

ఆగు అన్నమాట. అవ్వ ఆగింది. నేనెరిగినంతలో ఆవిడ అంతకుముందు ఎవరి మాటకీ ఆగలేదు.

"బువ్వ తావాలి" అంది పిల్ల.

అలాగని ఆ రోజునుంచి గలగలా మాట్లాడిందని కాదు. ఏడాదిపాటు నెలకోసారి డర్బన్ వెళ్లాం. క వచ్చింది, పోయింది, మళ్లీ కొన్ని మాటల్లో మాత్రమే వచ్చింది. మేం ఊరుకోవడం నేర్చుకోవడానికి కూడా దాదాపు అంతే పట్టింది.

ప్రిన్సిపాలు పిల్లని చూపించమన్న రోజు పొద్దున్నే మా కారు మొరాయించింది. తోసి, ఎక్కి, చెమటలు కక్కుతూ చేరాం. ప్రిన్సిపాలు పిల్లని ఎదురుకుర్చీలో కూర్చోబెట్టి, "ఇవాళ బడికి ఎలా వచ్చావు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

పిల్ల ఆయన కలంకేసి చూసింది. ఆయన చేతిలో కలం చూసుకున్నాడు. మా ఆవిడ నా మోకాలు గట్టిగా నొక్కింది, నోరు తెరిస్తే అయిపోయావన్నట్టు. తెరవలేదు.

"తారు తోశాం" అంది పిల్ల.

"ఏమంటోంది?" అని ప్రిన్సిపాలు నన్నడిగాడు.

"కారులో వచ్చామంటోంది" అన్నాను. సారాంశం అదేగా.

మా అమ్మాయి నాకేసి జాలిగా చూసింది. ఆయనవైపు తిరిగి, రెండు చేతులూ చాపి తోసి చూపిస్తూ, "పుష్! డాడీ పుష్. అవ్వ షౌట్" అంది ఇంగ్లీషులో.

"అవ్వ ఏమని అరిచింది?"

అదీ చెప్పింది. వీధికుక్కల్ని తరమడానికి ఆ దేశంలో వాడే మాట అది. ప్రిన్సిపాలు కలం కింద పెట్టి చాలాసేపు నవ్వాడు. తర్వాత కాగితం మీద సంతకం చేశాడు.

"జనవరిలో తీసుకురండి. కొన్ని అక్షరాలు తిరగట్లేదు, తిరుగుతాయి" అని, గుమ్మందాకా వచ్చి మా ఆవిడతో గొంతు తగ్గించి అన్నాడు: "పిల్ల పరవాలేదు. మీవారే పాపం బొత్తిగా మాట్లాడరనుకుంటాను."

బయట కారు మళ్లీ కదల్లేదు. మేమిద్దరం తోశాం. మా అమ్మాయి లోపల కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టి, ఎలా తొయ్యాలో చెప్పింది.