గొర్రెపిల్ల ఉపాయం

ఆ రోజుల్లో, అంటే యుద్ధం మూలాన బట్టకు కటకటగా ఉన్న రోజుల్లో, నాకున్నవి రెండే చీరలు. ఒకటి కట్టుకునేదాన్ని. రెండోది నరసరావుపేటలో మా అయ్యగారి కొడుక్కి ఉయ్యాలగా కట్టాను. (వాడికి వెండి గొలుసుల ఉయ్యాల ఉంది. అందులో వేస్తే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు.) గొర్రెలు కాసే ఇంటినుంచి వచ్చిన పదిహేనేళ్ల పిల్లను, వాడికి ఆయాను నేనే, తల్లినీ నేనే. అయ్యగారికి పత్తి మిల్లే లోకం, అమ్మగారికి పేకముక్కలే లోకం. చుట్టాలొస్తే మాత్రం కొత్త గ్రామఫోను చూపించినట్టు "వాణ్ణి పట్రావే" అనేది. వాడు కన్నతల్లిని చూసి, బూచిని చూసినట్టు నా మెడ కరుచుకునేవాడు. చుట్టాలు నవ్వేవారు. ఆవిడ నవ్వేది కాదు. ఆ పూట నాకు అన్నం ఉండేది కాదు.

ఒకరోజు మా మేనమామ వచ్చి దొడ్డిగుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మీ అమ్మ ఈసారి లేచేట్టు లేదే అమ్మాయ్. చానా జబ్బుగా ఉంది. నిన్నే అడుగుతా ఉంది, నడువు" అన్నాడు. వెళ్లి అమ్మగారి కాళ్లమీద పడ్డాను. "పో, నేనొద్దన్నానా? వాడు నా దగ్గర ఊరకుండేట్టు చేసి పో" అంది. వాడేమో ఆవిడ ఒళ్లో గుక్కపట్టి ఏడుపు. అప్పుడు నా మట్టిబుర్రకు మా నాన్న చేసే ఉపాయం తట్టింది. గొర్రెకు పుట్టిన పిల్ల చచ్చిపోతే, దాని తోలు తీసి తల్లిలేని పిల్ల మీద కప్పేవాడు. వాసన చూసి గొర్రె దానికి పాలిచ్చేది. ఇక్కడ తోలు కప్పాల్సింది తల్లికి, అంతే తేడా. "అమ్మగారూ, నా ఒంటిమీది చీర కట్టుకోండమ్మా" అన్నాను. (గొర్రె సంగతి చెప్పలేదు. చెప్పుంటే నా తోలే తీసేది.)

ముక్కు మూసుకుని కట్టుకుంది. వాడు కొంగులో మొహం దూర్చి, రెండుసార్లు మూలిగి, నిద్రపోయాడు. ఆవిడ నా మొహాన విసిరేసిన జరీచీర నేను చుట్టుకున్నాను. అంతలో అయ్యగారు వచ్చి, వెనకనుంచి ఆవిడ ఒంటిమీద నా చీర చూసి, నేననుకుని, "ఏమేవ్! నా మంచమెక్కి కూర్చున్నావేందే? ఎంత కొవ్వెక్కిందే నీకు!" అని నోటికొచ్చినట్టు తిట్లు లంకించుకున్నారు. రోజూ నేను తినే తిట్లే అవి. ఆవిడ నోరు విప్పలేదు, విప్పితే పిల్లాడు లేస్తాడు. నన్ను పొమ్మని చేత్తో సైగ చేసింది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడడం అదే మొదలు.

వినుకొండ రైల్లో నాకు రాజభోగం. ఒకాయన లేచి బెంచీమీద చోటిచ్చాడు. మూట పట్టుకుని పక్కన నిలబడ్డ మా మేనమామను నా పాలేరనుకున్నారు. ఏడుస్తూ పోవాల్సినదాన్ని, పాడు నవ్వొచ్చింది.

ఇంట్లో నులకమంచం మీద మా అమ్మకు కళ్లు సరిగా ఆనడం లేదు. జరీ మెరుపు చూసి లేవబోయి, లేవలేక, రెండు చేతులూ జోడించింది. "దండాలమ్మా! తమరొచ్చారా మా ఇంటికి? మా పిల్ల మీ బాబును సరిగ్గా చూస్తా ఉందా?" అంది. "అమ్మా, నేనే!" అన్నాను. చెవికెక్కలేదు. "చిన్నపిల్లమ్మా, తప్పులుంటే కడుపులో పెట్టుకోండి. దానికి ఆకలెక్కువ. కాస్త అన్నం పెట్టించండి" అంది. ఇంకేం చెయ్యను? అమ్మగారి గొంతు తెచ్చుకుని, "బాగా చూస్తోంది. కడుపు నిండా తింటోంది" అన్నాను. మా అమ్మ నవ్వి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

నేను పేటకు తిరిగి పోలేదు. నా రెండు చీరలూ అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు పెళ్లిళ్లకు జరీచీర కట్టుకుని అద్దం ముందు నిలబడితే, "దండాలమ్మా" అని నాకు నేనే ఒక దండం పెట్టుకుంటాను. ముసలిదానికి సోకెక్కువైందని మనవరాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.