మిరప కుప్పలో నా చెప్పులు

దర్శిలో ఉన్న మా అక్కను చూడ్డానికి వెళ్లనివ్వకుండా, నా భార్య నా చెప్పులను ఎండు మిరపకాయల కుప్పలో పూడ్చిపెట్టింది. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అక్క మంచం పట్టి ఉంది. ఆదివారం పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తానని ముందునుంచీ చెబుతూనే ఉన్నాను. చివరికి చెప్పులు కల్లంలో తాలుకాయలు ఏరే ఆడకూలీలకు దొరికాయి. ఒకామె చెప్పును ఎత్తిపట్టుకుని, "బాబాయ్, దీన్ని తాలులో వెయ్యనా, మంచికాయల్లో వెయ్యనా?" అంది. అందరూ ఒకటే నవ్వు. అవతల బస్సు హారన్ కొడుతోంది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి మిరపలోనే బతికినవాణ్ణి, చెప్పులు రెండూ ఊరికే దులిపి తొడుక్కున్నాను!

బస్సులో కాళ్లకు చెమట పట్టింది. ఇక చూడండి. కూర్చోలేను, నిలబడలేను. "పెద్దాయనా, డాన్సు దిగాక వెయ్యి" అన్నాడు కండక్టరు. దర్శిలో అక్క నా అరికాళ్లకు వెన్న రాయించి, మంచంమీదనుంచే పగలబడి నవ్వింది. నవ్వి చాలా రోజులైందట. అయినా నా కోపం తగ్గలేదు.

నా భార్యది పొగరు కాదు, గాలి సోకడమూ కాదు. గుంటూరులో డాక్టరమ్మ దాన్ని బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారని చెప్పింది. నేను బడికి వెళ్లింది తక్కువ. పొట్లం కట్టిన కాగితాలు చదివి చదువు నేర్చినవాణ్ణి. ఆ మాట పట్టుకుని దొరికినవన్నీ చదివాను. అయినవాళ్లు వదిలేసి పోతారన్న భయం ఆ మనిషిని లోపల్నుంచి తినేస్తుందట. పొద్దున నేను దేవుణ్ణి, పిలిచిన వెంటనే పలక్కపోతే రాక్షసుణ్ణి. "పో, మళ్లీ మొహం చూపించకు" అంటుంది. గడప దాటగానే "పోతున్నారా?" అని ఏడుస్తుంది. అది దొంగేడుపు కాదు. ఆమె భయం నిజం. కాని నా అరికాళ్ల మంట కూడా నిజమే కదా!

మా ఊళ్లో సలహాలకు కరువు లేదు. ఒకడు తాయెత్తు కట్టించమన్నాడు. పక్క చేలో పత్తి వేసే నా ఈడువాడు, "ఏరా, రెండు తగిలిస్తే దారికి రాదూ?" అన్నాడు. "ఒరేయ్, ముందు నీ బుర్రకు పురుగుమందు కొట్టాలిరా" అన్నాను.

డాక్టరమ్మ చెప్పిందే నాకు నచ్చింది. "కోపంలో ఉన్నప్పుడు వాదించకండి. నెమ్మదించాక, మీరేం చేస్తారో, దేనికి ఒప్పుకోరో చెప్పండి. చెప్పినదానిమీద నిలబడండి."

నా భార్య చింతపండు పిక్కలు తీస్తుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఇదిగో, నిన్ను వదిలి నేనెక్కడికీ పోను. కాని అక్క దగ్గరికి వెళ్తా, పొద్దుగూకేలోపు వస్తా. తిడితే లేచి కల్లంలో కూర్చుంటా, నీ కోపం తగ్గాక వస్తా. నా చెప్పులు మాత్రం ముట్టుకోకూడదు. సరేనా?"

ఒక పిక్క వచ్చి నా ముక్కుకు తగిలింది.

తర్వాతి ఆదివారం తిట్లు మొదలయ్యాయి. లేచి కల్లంలోకి పోయి కూర్చున్నాను. "బాబాయిని బెంచీ ఎక్కించినట్టున్నారు" అన్నారు కూలీలు. లోపల అరుపులు ఆగాక ఇంట్లోకి వెళ్లి, సాయంత్రం వస్తానని మళ్లీ చెప్పి, బస్సెక్కాను. చెప్పినట్టే పొద్దుండగానే దిగాను. ఆమె వీధి చివర నిలబడి ఉంది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"గేదె కోసం వచ్చానండీ."

మాకు గేదె లేదు.

ఆపై వారం బయలుదేరబోతూ చూస్తే చెప్పులు విడిచినచోటే ఉన్నాయి. నా ఛాతీ ఉబ్బింది. తీరా చూస్తే కళ్లజోడు లేదు! కల్లం కుప్ప తలుచుకునేసరికి నా కళ్లు అప్పుడే మండాయి.

"ఏమే, ఆరోజు సరేనా అంటే జవాబే చెప్పలేదు. ఇదేనా నీ జవాబు?" అని అరిచాను.

వంటింట్లోంచి వచ్చింది జవాబు: "సరేనండీ. చెప్పులు ముట్టుకోవద్దన్నారు, ముట్టుకోలేదు. కళ్లజోడు సంగతి మీరేం అనలేదుగా. కుప్పలో పెట్టలేదులెండి, నా కొంగున ముడేసుకున్నాను. సాయంత్రం వచ్చి తీసుకోండి."