ఇస్త్రీ పెట్టె ఆగిన వాక్యం

మా అక్కకు పొగడటం చేతకాదు. నా కూతురు చిన్నప్పటి నుంచి స్కూల్లో ఏ వ్యాసం రాసినా, అక్క ఇస్త్రీ దుకాణంలో బల్ల చివర నిలబడి బిగ్గరగా చదివేది. అక్క వింటూ బట్టలు రుద్దేది. మంచి వాక్యం వస్తే ఇస్త్రీ పెట్టెను పక్కన నిలబెట్టేది, లేకపోతే పెట్టె దారిన పెట్టె పోతూనే ఉండేది. అంతకుమించి ఒక్క మాట అంటే ఒట్టు. పెట్టె ఆగిన వాక్యాలు ఉంచుకుని, పిల్ల మిగతావన్నీ కొట్టేసేది. నాకు ఒళ్ళు మండేది. కన్నతల్లిని, "ఎంత బాగా రాశావే బంగారం!" అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నా దానికి లెక్కే లేదు.

తప్పు దానిదీ కాదులెండి. నేను బస్సు టికెట్ల కౌంటర్లో పొద్దస్తమానం జనంతో అరిచి ఇంటికొచ్చేసరికి నాకే గొంతుండేది కాదు. పిల్ల అక్క బల్ల కిందే పాకింది, ఆ బల్ల మీదే అక్షరాలు దిద్దింది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. అమ్మకు చూపు పోయాక దుకాణం వెనక గదిలో మంచం వేసి, చివరిదాకా తనే చూసుకుంది. నేనూ చూశాను, సెలవు రోజుల్లో. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడా గదిలో మంచం పక్కనంతా బట్టల మూటలే. అయినా అక్క మూట కోసం వెళ్ళేటప్పుడల్లా గుమ్మం దగ్గర ఆగి, "వస్తున్నానమ్మా" అంటుంది. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు తమతోనే అంటోందనుకుని, "పర్లేదమ్మా, నిదానంగా రండి" అంటుంటారు. మేమెవరం ఆ మాట ఎత్తం.

ఇంతలో పిల్లకు ఒక విశ్వవిద్యాలయం పిచ్చి పట్టుకుంది. మార్కులున్నంత మాత్రాన అక్కడ చేర్చుకోరట. బాగా ఆలోచించేవాళ్ళు కావాలట. "మిమ్మల్ని వదలని ప్రశ్న ఏదైనా రాయండి, జవాబు అక్కర్లేదు" అన్నారు. జవాబు అక్కర్లేని పరీక్ష కూడా ఒక పరీక్షేనా! కానీ ఆ చదువు తప్ప దానికి మరో ధ్యాస లేదు. అన్నం దగ్గర కూడా ఆ మాటే. సీటు రాకపోతే ఏమైపోతుందోనని నా బెంగ.

మొదట మానవజాతి భవిష్యత్తు గురించి రాసింది. నాకైతే ఒళ్ళు పులకరించింది. అక్క పెట్టె మాత్రం ఒక్కచోట కూడా ఆగలేదు. చివరికి అడిగింది: "ఎవరి గురించమ్మా ఇది?"

"మానవజాతి గురించి పెద్దమ్మా."

"ఓహో. మనకు తెలిసినవాళ్ళేనా?"

పిల్ల పకపకా నవ్వి కాగితాలు చింపేసింది. నాకు ఏడుపొచ్చింది.

గడువుకు ముందురోజు మధ్యాహ్నం కొత్తది పట్టుకొచ్చింది. నేను సెలవు పెట్టి దుకాణంలోనే కూర్చున్నాను. అది చదవడం మొదలుపెట్టింది. "మా పెద్దమ్మ ఖాళీ గదిలోకి వెళ్ళేముందు చెప్పి వెళుతుంది..."

పెట్టె ఆగింది. పక్కన కాదు, బట్ట మీదే. అక్క చెయ్యి దాని మీద ఉంది కానీ మనిషి అక్కడ లేదు. పిల్ల చదువుతూనే పోయింది, కమురు వాసన కొట్టాకగానీ మాకెవరికీ సోయి రాలేదు. ఎదురింటి లాయరు గారి తెల్ల చొక్కా వీపు మీద పెట్టె అచ్చు గోధుమరంగులో పడిపోయింది. అక్క చేతిలో బట్ట కాలడం నేనెరగను.

"అది పంపకు" అంది అక్క.

"ఎందుకు పెద్దమ్మా?"

"మా అమ్మ గది సంగతి ముక్కూమొహం తెలియనివాళ్ళకెందుకు?"

పిల్ల మొహం వాడిపోయింది. "సరేలే, మానవజాతినే పంపుతా" అంటూ కాగితం మడిచింది. నేను ఊరుకుంటానా! "దాని బతుకు బాగుపడే వేళ నీ మొండితనమేంటే?" అని అక్క మీద విరుచుకుపడ్డాను. నన్ను పట్టించుకుంటేగా. కాలిన చొక్కాను అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడింది.

"అయినా అందులో తప్పుంది" అంది చివరికి. "అమ్మ ఇంకా అక్కడే ఉందనుకుంటానని రాశావు. నాకేమైనా మతిపోయిందా? అమ్మ లేదని నాకు తెలీదూ?"

"మరెవరికి చెప్తావు?" అంది పిల్ల.

అక్క చొక్కా మడతపెట్టింది. విప్పింది. మళ్ళీ మడతపెట్టింది.

"అప్పట్లో చెప్పకుండా వెళ్తే అమ్మ ఉలిక్కిపడేది. చూపు లేదుగా పాపం. ఇప్పుడు చెప్పకుండా వెళ్తే నేను ఉలిక్కిపడతానే. మంచం ఉంటుంది, మనిషి ఉండదు. ముందు ఒక మాట అనుకుని వెళ్తే కాస్త నయం."

అక్క అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అమ్మ పోయినప్పుడు కూడా.

పిల్ల మెల్లగా అడిగింది. "ఇది రాయనా పెద్దమ్మా?"

"రాసి చావు. అబద్ధం మాత్రం రాయకు."

అక్కడే బల్ల చివర నిలబడి రాసింది. ఖాళీ గదితో మనిషి మాట్లాడేది ఎవరి కోసం అన్నదే దాని ప్రశ్న. ఈసారి బిగ్గరగా చదవలేదు, అక్క చదవమననూ లేదు.

సీటొచ్చింది! నేను కౌంటర్లో ఎగిరి గంతేస్తే వరుసలో ఉన్నవాళ్ళు కంగారుపడ్డారు. సంగతంతా విన్న లాయరు గారు కాలిన చొక్కాను పిల్లకే ఇచ్చేస్తూ, "ఈ సీటులో నా వాటా కూడా ఉందని మర్చిపోకు" అన్నారు. అది ఆ చొక్కాను ప్రయాణం పెట్టెలో అన్నిటికన్నా పైన సర్దుకుంది.

వెళ్ళే ముందు రోజు అమ్మమ్మ మంచం మీదే పడుకుంటానని పట్టుబట్టింది. అక్క మూటలన్నీ పక్కకు జరిపి దుప్పటి పరిచింది.

తెల్లవారింది. కారు వచ్చి ఆగింది. పిల్లను లేపడానికి అక్క వెనక గది గుమ్మం దగ్గరికి వెళ్ళింది, వెనకే నేను. అలవాటు ప్రకారం ఆగింది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. మునివేళ్ళ మీద లోపలికి నడిచింది.

మంచం మీద నుంచి నిద్రగొంతు వినిపించింది. "చెప్పకుండా వచ్చావేం పెద్దమ్మా? ఉలిక్కిపడవూ?"

అక్క దాని జుట్టు సవరించింది.

"ఇవాళ నువ్వున్నావుగా" అంది.

నేను గుమ్మం పట్టుకుని బావురుమన్నాను. రేపటి నుంచి ఆ గుమ్మం దగ్గర అక్క ఇద్దరికి చెప్పి వెళ్ళాలి.