పక్క ఊరి పిల్లల కాగితాలు

కరోనా మూసివేత తరువాత బడులు మళ్లీ సక్రమంగా నడవడం మొదలైన ఏడాది, జూన్ నెలలో, నేను వనపర్తి జిల్లా పాన్‌గల్ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వెళ్లాను. ఆ కుర్చీతో పాటు ఇంకో బాధ్యత కూడా వచ్చింది. చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలన్నిటినీ కలిపి 'కాంప్లెక్స్' అంటారు. ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడే దానికి బాధ్యుడు. ఆ బడులకు పోయి పిల్లల చదువు చూడటం, నెలకొకసారి టీచర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడటం ఆయన పని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాసే అలవాటు ఉన్నది గనుక, ఆ ఏటి డైరీ పక్కన పెట్టుకొనే ఇది రాస్తున్నాను.

మొదట స్థాయి పరీక్ష పెట్టాం. అక్షరాలు, పదాలు, వాక్యాలు, చిన్న కథ వరుసగా చూపించి, పిల్ల ఎక్కడ ఆగుతున్నదో గుర్తించే పరీక్ష అది. ఐదో తరగతికి వచ్చి కూడా రెండక్షరాల పదాల దగ్గరే ఆగిపోయిన పిల్లలు ప్రతి బడిలో కనిపించారు. అటువంటి వాళ్లను తరగతితో సంబంధం లేకుండా, స్థాయిని బట్టి ఐదారుగురి చొప్పున ఒక గుంపు చేసి, రోజూ ఒక గంట చదివించాలి. గుంపు చిన్నది కాబట్టి ఎవరు ఎక్కడ తడబడుతున్నారో టీచరుకు వినబడుతుంది. పద్ధతి బాగానే ఉంది. ఆ గంటలో పిల్లల చేతికి ఏమివ్వాలన్నదే తేలలేదు.

వాచకాల స్థాయి వాళ్లకు అందదు. పైనుంచి వచ్చిన కార్డులలో అక్షరాలు, గుణింతాలు ఉన్నాయి, ఆ తరువాత ఒక్కసారిగా పేజీ నిండా కథలున్నాయి. మధ్యలో మెట్టు లేదు. బీరువాలో తాళం వేసి ఉంచిన కథల పుస్తకాలు బయటికి తీయించాను. బొమ్మలు బాగున్నాయి, వాక్యాలు మాత్రం మూడేసి వరుసలు సాగాయి. వనపర్తికి పోయి, అంగన్‌వాడీ పిల్లలకు పనికొచ్చే రంగుల పుస్తకాలు కొని తెచ్చాను. ఐదో తరగతి పిల్లలు వాటిని తిప్పి చూసి మూతులు ముడిచారు.

"గివి సంటిపిల్లలవి సార్. మా చెల్లెకిస్త," అని ఒక అమ్మాయి నిజంగానే ఇంటికి పట్టుకుపోయింది. ఆ అమ్మాయి పేరు ఎస్తేరు.

ఎస్తేరుది కూలి పని చేసుకునే కుటుంబం. ఏటా పత్తి మొదటి ఏరుడు కాగానే తల్లిదండ్రులు పుణెకు పోయి, ఇళ్లు కట్టే చోట పనిచేసి, ఎండాకాలంలో తిరిగి వస్తారు. అన్నేళ్లూ ఆమె అవ్వ దగ్గర ఉండి బడికి వచ్చేది. ఆగస్టులో ఒకనాడు నేను వాళ్ల ప్రాథమిక బడిలో ఉండగానే ఆమె తండ్రి బాలరాజు వచ్చి, ఈసారి బిడ్డను వెంట తీసుకుపోతున్నానని చెప్పాడు.

టీచరు సుజాత ఊరుకోలేదు. "బాలరాజన్నా, ఐదోది సగంల ఇడిపిస్తవా? పోయినంక మల్ల బడి మొఖం చూస్తదా?"

"ఈడ ఉండి ఏం చేస్తుంది మేడం? బస్సు బోర్డు గూడ సదవరాదు. మాతోని వస్తే సంటిదాన్నన్న ఎత్తుకుంటది. మీరే చెప్పుండ్రి సారూ, ఐదేండ్లు బడికి పంపితి గద."

చివరికి సుజాతే బేరం కుదిర్చింది. పత్తి మొదటి ఏరుడు అయ్యేదాకా ఆగాలి. అప్పుడు ఆయన ముందే ఎస్తేరు ఒక కాగితం చదవాలి. చదివితే ఇక్కడ ఉంటుంది, లేకుంటే పుణెకు పోతుంది. "కాయితం నేను తెస్త. మీరు నేర్పిచ్చిన కాయితం వద్దు," అని బాలరాజు ఖండితంగా చెప్పి వెళ్లాడు.

సుజాత కష్టపడే మనిషి. పాత క్యాలెండర్లు పోగుచేసి, వెనుకవైపు తెల్లగా ఉన్న తట్టున పిల్లలు చెప్పిన మాటలనే పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. 'మా అవ్వ రొట్టె చేస్తది. రొట్టె మాడింది. కుక్కకు వేస్తే కుక్క గూడ తినలే.' అన్నీ ఇట్లాంటివే. వాక్యాలు చిన్నవి, సంగతి పెద్ద పిల్లలది. నాకు నచ్చింది. నెల తిరిగేసరికి గుంపు మొత్తం గలగలా చదువుతున్నదని ఆమె కబురు పంపింది.

పోయి కూర్చున్నాను. ఎస్తేరు ఊపిరి తీసుకోకుండా కాగితం మొత్తం చదివేసింది. మెచ్చుకొని, మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి, ఇదేమిటి అన్నాను. ఆమె నా వేలును మర్యాదగా పక్కకు జరిపి, మళ్లీ 'మా అవ్వ' దగ్గర మొదలుపెట్టి, తన వేలు నడిపించుకుంటూ ఆ పదం దాకా వచ్చి, "కుక్కకు!" అంది. ఇంకో పదం అడిగాను. మళ్లీ అవ్వ దగ్గర నుంచే బయలుదేరింది. చర్చిలో పాటలన్నీ నోటికి పాడే పిల్ల, ఇదొక లెక్కా!

"కాయితం చూసి చదవాలె గద బిడ్డా," అన్నాను.

"మేం చెప్పిందే గద సార్, మల్ల చూసుడెందుకు?"

నేను నవ్వాను. సుజాతకు మాత్రం నవ్వు రాలేదు. పత్తి కాయలు అప్పటికే పగులుతున్నాయి, ఏరుడుకు ఎంతో దూరం లేదు.

ఆ వారమే కాంప్లెక్స్ సమావేశంలో ఈ సంగతి పెట్టాం. అందరూ నవ్వుకున్నాక సుజాతే అంది, "వీళ్లు చెప్పింది వీళ్లకు నోటికి వస్తుంది. పక్క ఊరోళ్లు చెప్పింది రాదు గద." బడుల మధ్య తిరుగుతూ టీచర్లకు తోడుండే రిసోర్స్ పర్సన్ యాదగిరిది అచ్చంపేట. ప్రతి శనివారం ఇంటికి పోతాడు. అక్కడి బడి నుంచి పిల్లల కాగితాలు తాను తెస్తానన్నాడు. అంతకుముందు నేను పనిచేసిన అమరచింత బడికి నేను ఫోన్ చేశాను. షరతు ఒక్కటే: పిల్లలు చెప్పింది చెప్పినట్టు రాయాలి, టీచరు దిద్దకూడదు.

మొదటి కట్ట వచ్చిన రోజు నుంచి గుంపు తీరే మారిపోయింది. అమరచింత పిల్లలు మగ్గాల గురించి చెప్పి, చివర 'మీకు చీర నేసుడు వస్తదా?' అని గుచ్చారు. దాన్ని కూడబలుక్కొని చదివేసరికి మా వాళ్లకు రోషం వచ్చింది. 'మాకు నాటేసుడు వస్తది. మీకు బురదల నడుసుడన్న వస్తదా?' అని జవాబు రాయించారు. అవతలి వాళ్లు ఏమన్నారో తెలియాలంటే చదవడం తప్ప దారి లేదు. కాగితం కొత్తది కాబట్టి నోటికి రాదు, మాట తమదే కాబట్టి అర్థమవుతుంది. ఒత్తు దగ్గర ఆగిన వాళ్లను పక్క పిల్లలే తొందరపెట్టేవాళ్లు. గంట కొట్టినా చాప మీద నుంచి లేచేవాళ్లు కాదు.

పత్తి మొదటి ఏరుడు అయింది. బాలరాజు అన్న మాట ప్రకారం వచ్చి, జేబులోంచి కాగితం తీశాడు. పత్తికి కొట్టే మందు డబ్బాలో వచ్చే కాగితం అది, చీమతలంత అక్షరాలు. ఎస్తేరు బిత్తరపోయింది. నేను అందుకొని కళ్లద్దాలు పైకీ కిందికీ జరిపి చూశాను.

"బాలరాజూ, ఇది నాకే చదవరాదు. నన్ను గూడ పుణెకు తోల్కపోతవా?"

సుజాత ఫక్కున నవ్వింది. బాలరాజు కూడా మీసాల చాటున నవ్వి, "మరి ఎట్ల సారూ?" అన్నాడు. అప్పుడే యాదగిరి అచ్చంపేట కట్ట పట్టుకొని లోపలికి వచ్చాడు. దారం ఇంకా విప్పలేదు. ఈ కాగితాలు ఇక్కడ ఎవరూ చూడలేదని చెప్పి, కట్ట బాలరాజు చేతికే ఇచ్చాను. ఆయన దారం విప్పి, అడుగు నుంచి ఒకటి లాగి బిడ్డకిచ్చాడు.

ఎస్తేరు మెల్లగా మొదలుపెట్టింది. "మా తాత... గొంగడి... కప్పుకొని... వాకిట్ల పండుకున్నడు. తెల్లారగట్ల... మా నాయిన లేశిండు..." అక్కడ ఆగింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. సుజాత చీర కొంగు నలుపుతున్నది. ఇంతలో ఎస్తేరు ఒక్కసారిగా కిసకిసా నవ్వింది.

"ఏంది? ఏమైంది?" అన్నాడు బాలరాజు.

"ఆగు నాయినా, చదువుతున్న!" కసురుకొని వేలు మళ్లీ పెట్టింది. "మా నాయిన... తాతను చూసి... ఎలుగు... బంటి... ఎలుగుబంటి అనుకొని ఉరికిండు."

బాలరాజు పెద్దగా నవ్వి, చాప మీద బిడ్డ పక్కనే చతికిలబడ్డాడు. "మల్ల? తాత ఏం జేసిండు?"

ఆమె కాగితం తిప్పింది. "తాత గూడ... ఉరికిండు. ఎలుగుబంటి... ఎనక వస్తున్నదనుకొని."

నవ్వు ఆగాక ఆయన కట్టలోంచి ఇంకో కాగితం తీసి ఇచ్చాడు, ఈసారి పరీక్షకు కాదు. నాలుగో కాగితం అయ్యాక లేచి, సంటిదాన్ని ఈసారి వాళ్లమ్మే ఎత్తుకుంటుందిలే అని చెప్పి వెళ్లాడు. ఆ వారాంతంలో వాళ్లు పుణె బస్సు ఎక్కారు. ఎస్తేరు అవ్వ దగ్గర ఉండి ఐదో తరగతి పూర్తిచేసి, మరుసటి జూన్‌లో మా ఉన్నత పాఠశాలలో ఆరో తరగతిలో చేరింది.

ఆ తరువాత పదవీ విరమణ దాకా ఏ బడికి పోయినా నా సంచిలో వేరే ఊరి పిల్లల కాగితాలు కొన్ని ఉంచుకున్నాను. రోజూ చూసే కాగితంతో పిల్లకు చదువు వచ్చిందో లేదో తెలియదు. కొత్త కాగితం ఇవ్వాలి, అందులో ఏముందో తెలుసుకోవాలని పిల్లకు అనిపించాలి. గట్టిగా చదవకముందే పిల్ల నవ్విందంటే చదవడం వచ్చినట్టే. ఇంకో పరీక్ష అక్కరలేదు.